ఉత్తర అమెరికా వేదసాక్షులు ఎనిమిది మందేనా? అక్కడి స్థానిక క్రైస్తవుల సంగతి ఏమిటి?

ప్రశ్న: మేము టొరంటో దగ్గర ఉంటున్నాం. ఆదివారం తెలుగు పిల్లలకు సత్యోపదేశం చెప్తాను. సెప్టెంబర్ 26న కెనడా వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ) పండుగ వస్తుంది కదా అని వాళ్ళ కథ చెప్తుంటే ఒక పిల్లవాడు, "ఎనిమిది మందీ ఫ్రెంచివాళ్ళే. అక్కడి వాళ్ళు ఒక్కరూ చనిపోలేదా?" అని అడిగాడు. ఇంకో అమ్మాయి, "వేరేవాళ్ళ దేశం తీసుకోవడానికి వచ్చినవాళ్ళతో వచ్చారు కదా, మరి పునీతులని ఎందుకంటాం?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

జవాబు:

అమ్మా, ముందు ఆ పిల్లలిద్దరినీ మెచ్చుకోండి. నేను గుంటూరు వైపు ఒక విచారణలో (పారిష్‌లో) ముప్పై ఏళ్ళకు పైగా సత్యోపదేశం చెప్పాను, బడిలో సోషల్ చెప్పాను. అన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. మా అమ్మాయి మీవైపే ఉంటుంది. ఒక వేసవిలో మమ్మల్ని మిడ్‌లాండ్‌లోని వేదసాక్షుల పుణ్యక్షేత్రానికి తీసుకెళ్ళింది. అక్కడ పేర్లు చదువుతుంటే మీ పిల్లవాడికి వచ్చిన సందేహమే నాకూ వచ్చింది. ఆ నేలకు వెళ్ళిన యేసు సభ (జెస్యూట్) గురువులు ప్రతి ఏడూ ఫ్రాన్సుకు నివేదికలు పంపేవారు. 1632 నుంచి 1673 దాకా అవి పారిస్‌లో ఏటా అచ్చయ్యాయి. ఇంటికొచ్చాక వాటిని వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను.

సూటిగా జవాబు చెప్తాను. అక్కడి వాళ్ళు చనిపోయారు, చాలామంది చనిపోయారు. కొందరి పేర్లు, ఊళ్ళు, జ్ఞానస్నానం తీసుకున్న రోజు, చనిపోయిన రోజు కూడా ఆ నివేదికల్లో ఉన్నాయి. ఎనిమిది అనేది శ్రీసభ (కతోలిక సంఘం) పునీతులుగా ప్రకటించినవాళ్ళ లెక్క. చనిపోయినవాళ్ళ లెక్క వేరు.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మన తెలుగు పుస్తకాల్లో "రెడ్ ఇండియన్లు" అని రాశారు, నేనూ అలాగే చెప్పాను. పిల్లల దగ్గర ఆ మాట వాడకండి, అది వాళ్ళకు అవమానం. ఆ గురువులు ఏ జనం మధ్య బతికారో వాళ్ళ పేరు వెండాట్. "హ్యూరాన్" అనేది ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళ జుట్టు అడవిపంది తల మీద రోమాల్లా నిక్కబొడుచుకుని ఉందని అలా పిలిచారంటారు. వాళ్ళమీద దండెత్తిన ఇరొక్వాయ్‌లది ఐదు జాతుల కూటమి: మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా. వెండాట్‌లదీ వీళ్ళదీ దగ్గర దగ్గర భాషలు, ఒకే రకం ఇళ్ళు, ఒకే రకం పంటలు. బంధువుల్లాంటి జనాల మధ్య జరిగిన యుద్ధం అది.

వెండాట్‌ల నేల ఇప్పటి ఒంటారియోలో జార్జియన్ బే, సిమ్‌కో సరస్సు మధ్య ఉండేది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. చెట్టు బెరడుతో కప్పిన పొడవాటి ఇంట్లో ఆరేడు కుటుంబాలు కలిసి ఉండేవి. వంశం తల్లివైపు నుంచి లెక్క. రోజూ తినేది మొక్కజొన్న జావ. అందులో అప్పుడప్పుడు ఎండుచేప పడేది. మన అంబలి తాగి పెరిగినవాళ్ళకు ఆ తిండి ఊహించుకోవడం కష్టం కాదు, ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం చాలా కష్టమైంది. నొయెల్ షబనెల్ అనే గురువుకు ఆ తిండీ పడలేదు, ఏళ్ళ తరబడి కూర్చున్నా భాషా రాలేదు. వెనక్కి వెళ్ళిపోవాలని మనసు లాగుతుంటే 1647లో దివ్యసత్ప్రసాద మహోత్సవం రోజున, చనిపోయేదాకా ఇక్కడే ఉంటానని మొక్కుకున్నాడు. ఎనిమిది మందిలో నా మనసుకు బాగా దగ్గరైనవాడు ఆయనే.

వీళ్ళందరికీ పెద్దదిక్కు జాన్ ద బ్రెబెఫ్. 1626లో మొదటిసారి ఆ నేల మీద అడుగుపెట్టాడు. 1629లో ఇంగ్లీషువాళ్ళు క్యూబెక్ పట్టుకోవడంతో ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. 1634లో మళ్ళీ వచ్చాడు. వెండాట్‌లు ఆయన్ని ఎషోన్ అని పిలిచేవారు. కొత్తగా వచ్చే గురువుల కోసం 1637లో ఆయన రాసిన సూచనలు మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. పడవ ఎక్కేటప్పుడు వాళ్ళను కాచుకోబెట్టకండి. వాళ్ళు పెట్టిన జావ ఎలా ఉన్నా తినండి. పొగగొట్టం వెలిగించుకోవడానికి నిప్పు అందించండి. వెడల్పు టోపీ వెనకవాళ్ళకు అడ్డు, తీసేయండి. మోయగలిగితే కొంచెమైనా సామాను మోయండి. క్యూబెక్ నుంచి నెల రోజుల పడవ ప్రయాణం అది. జలపాతాలు వచ్చిన చోటల్లా పడవనూ సామానునూ నెత్తిన పెట్టుకుని నడవాలి.

ఇక్కడే ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకు సగం జవాబు ఉంది, దాచకుండా చెప్పాలి. ఆ గురువులు ఫ్రెంచి వ్యాపారుల పడవల వెంటే వచ్చారు. ఫ్రెంచివాళ్ళకు బీవరు తోళ్ళు కావాలి. వెండాట్‌లకు ఇనప గొడ్డళ్ళు, రాగి బిందెలు, బట్ట కావాలి. "మాతో వ్యాపారం చేయాలంటే మా గురువుల్ని మీ ఊళ్ళలో ఉండనివ్వాలి" అని ఫ్రెంచి అధికారులు షరతు పెట్టారు. వెండాట్‌లు గురువుల్ని రానిచ్చింది ముందు వ్యాపారం కోసమే.

వాళ్ళ వెంట రోగాలు కూడా వచ్చాయి. 1634లో ఒకటి, 1636–37లో ఇంకొకటి, 1639–40లో మశూచి. వాటికి ముందు 20,000 నుంచి 30,000 దాకా ఉండేవారని అంచనా వేసే వెండాట్ జనంలో 1640 నాటికి సుమారు సగం మంది పోయారు. ముసలివాళ్ళు పోయారు, పసిపిల్లలు పోయారు. ఏ ఇంట్లో చూసినా ఏడుపే. గురువులు మంచం పట్టిన ప్రతివాళ్ళ దగ్గరికీ పరుగెత్తి, ప్రాణం పోయేలోపు జ్ఞానస్నానం ఇచ్చేవారు. చూసేవాళ్ళకు ఎలా కనపడుతుంది? ఈ నల్ల అంగీల వాళ్ళు వచ్చి నీళ్ళు పోస్తారు, మనిషి చనిపోతాడు. పైగా ఆ గురువులకు మాత్రం రోగం తగిలినా తేరుకుంటున్నారు. వీళ్ళు మంత్రగాళ్ళు, ఆ నీళ్ళే చంపుతున్నాయి అనుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అలా అనుకుంటే నేను తప్పుపట్టలేను. 1637లో గురువుల్ని చంపాలని పెద్దలు సభ పెట్టారు. అక్టోబర్ చివర్లో బ్రెబెఫ్ వీడ్కోలు ఉత్తరం కూడా రాసేశాడు. చనిపోబోయే మనిషి ఊరివాళ్ళకు విందు పెట్టడం వెండాట్ ఆచారం. ఆయన ఆ విందు కూడా పెట్టాడు. చివరికి వాళ్ళు చంపలేదు.

అలాంటి రోజుల్లో ఒక వెండాట్ క్రైస్తవుడు కావడమంటే ఏమిటో చూడండి. మీ పిల్లలకు చెప్పాల్సిన అసలు కథ ఇదే.

అతని పేరు చివాతెన్వా. ఒసోసానె అనే పెద్ద ఊరివాడు, వయసు ముప్పై ఐదు దాకా ఉంటుంది, ఊరి పెద్ద ఒకాయనకు వరసకు మేనల్లుడు. గురువులు రాకముందు నుంచే జూదం ఆడేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు, ఒక్క భార్యతోనే ఉండేవాడు. 1637 ఆగస్టులో జబ్బుపడి చావుబతుకుల్లో ఉన్నప్పుడు, 16వ తేదీన జోసెఫ్ అనే పేరుతో జ్ఞానస్నానం తీసుకున్నాడు. బతికాడు. మంచంలో జ్ఞానస్నానం తీసుకున్న చాలామంది లేచాక పాత దారిన పోయారు, ఇతను పోలేదు. 1638లో భార్య మరియ అవొనెత్తాతో అతని వివాహం శ్రీసభ పద్ధతిలో జరిగింది. ఆ నేల మీద జరిగిన మొదటి క్రైస్తవ వివాహం అదే. కొంచెం చదవడం, రాయడం కూడా నేర్చుకున్నాడు. గురువులకు భాష నేర్పాడు, వాళ్ళ తప్పుల్ని దిద్దాడు, పొరుగు జాతుల ఊళ్ళకు వాళ్ళ వెంట తిరిగాడు. మన విచారణల్లో ఉపదేశి చేసే పనంతా ఆయన చేశాడు. మా తాతల కాలంలో పాక బళ్ళలో పాఠం, జపం చెప్పించిన ఉపదేశులు లేకపోతే మన ఊళ్ళలో గుళ్ళు నిలబడేవి కావు. చివాతెన్వా గురించి చదువుతుంటే నాకు వాళ్ళే కళ్ళముందు మెదిలారు.

మశూచి వచ్చినప్పుడు అతని బతుకు దుర్భరమైంది. "రోగం తెచ్చినవాళ్ళకు నువ్వు స్నేహితుడివి, సొంత జనాన్ని చంపడానికి సాయం చేస్తున్నావు" అన్నారు. ఊళ్ళో మాట పోయింది. అతను ఊరు వదల్లేదు, ప్రార్థన వదల్లేదు. 1640లో గురువుల స్థావరమైన సెయింట్ మారీలో వాళ్ళ దగ్గర ఎనిమిది రోజులు ధ్యానంలో గడిపాడు. ఆ ఆగస్టు 2న బంధువుల పిల్లల్ని వెంటబెట్టుకుని చేనుకు వెళ్ళాడు. కాసేపటికి పిల్లల్ని ఇంటికి పంపేసి తను అక్కడే ఉండిపోయాడు. సాయంత్రానికి రాలేదు. వెతికితే శవం దొరికింది. ఇరొక్వాయ్ మనుషులిద్దరు పొంచి ఉండి చంపారని చెప్పారు. సొంత జనమే చంపించి ఉంటుందని ఇప్పటి చరిత్రకారుల్లో కొందరికి అనుమానం. నిజం ఏదైనా, ఆ మనిషి ప్రాణం మీదికి రావడానికి కారణం అతని విశ్వాసమే అయి ఉండవచ్చు, మామూలు శత్రు దాడీ అయి ఉండవచ్చు. ఈ రెంటినీ విడదీయలేకపోవడం వల్లే ఇలాంటివాళ్ళ పేర్లు జాబితాలోకి ఎక్కలేదు. దాని గురించి కింద చెప్తాను.

అతను చనిపోయిన మూడో రోజున అన్నదమ్ముల్లో ఒకడు, తెయోందెషొరెన్, వచ్చి జ్ఞానస్నానం అడిగాడు. అప్పటిదాకా వాళ్ళ పాత వైద్య క్రతువుల్లో ముందుండే మనిషి. చనిపోయిన సోదరుడి పేరే, జోసెఫ్, తనకూ కావాలన్నాడు. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

1642 ఆగస్టు 2న, చివాతెన్వా చనిపోయిన సరిగ్గా రెండేళ్ళకు, ఐజాక్ జోగ్ అనే గురువు వెండాట్ పడవల గుంపుతో క్యూబెక్ వైపు నుంచి తిరిగి వస్తున్నాడు. సెయింట్ లారెన్స్ నది మీద మోహాక్ యోధులు చుట్టుముట్టారు. జోగ్ తుప్పల్లో దాక్కునే వీలుంది. తన వాళ్ళు దొరికిపోయారని చూసి తానే బయటికి వచ్చాడు. పుణ్యక్షేత్రాల్లో చెప్పేది జోగ్ కథ, ఆయనతో ఉన్న వైద్యుడు రెనే గూపిల్ కథ. ఆ పడవల్లో ఇంకెవరున్నారో కూడా చెప్పాలి. యూస్టస్ అహత్సిస్తరి అని పేరుమోసిన వెండాట్ యుద్ధనాయకుడు ఉన్నాడు. ఆ ఏడు పాస్కా (ఈస్టర్) ముందు పవిత్ర శనివారం నాడే జ్ఞానస్నానం తీసుకున్నాడు, అంటే నాలుగు నెలలు కూడా నిండలేదు. మోహాక్ ఊళ్ళో అతన్ని హింసించి చంపారు. ఆ రోజుల్లో అలా చనిపోయే యోధుడు తన పగ తీర్చమని అరవడం ఆచారం. ఇతను మాత్రం అక్కడున్న తోటి వెండాట్ ఖైదీలతో, నాకు జరిగిందాన్ని మనసులో పెట్టుకుని శాంతి ఒప్పందానికి అడ్డుపడకండి అని చెప్పాడని జోగ్ రాశాడు. నాలుగు నెలల క్రైస్తవుడు!

అదే గుంపులో చివాతెన్వా ఇంటి పిల్ల తెరేసా ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల. క్యూబెక్‌లో ఉర్సులైన్ మఠకన్యల బడిలో చదువుకుని ఇంటికి వెళ్తోంది. ఆమెను చంపలేదు, తమ జనంలో కలుపుకున్నారు. విడిపించాలని ఫ్రెంచివాళ్ళు ఎంత అడిగినా కుదరలేదు. జపమాల లేకపోతే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని జపం చెప్పుకునేదట. 1654లో ఒక గురువు ఒనొండాగాల ఊరికి వెళ్తే అక్కడ కనపడింది, విశ్వాసం వదల్లేదు. పన్నెండేళ్ళు గుడి లేదు, గురువు లేడు, పూజ లేదు. ఆమె వేదసాక్షి కాదు, చంపబడలేదు కాబట్టి. మీ తరగతిలో ఆ వయసు ఆడపిల్లలుంటే ఆమె కథ తప్పకుండా చెప్పండి.

గూపిల్‌ని 1642 సెప్టెంబర్ 29న చంపారు, ఒక పసివాడి నుదుట సిలువ గుర్తు వేసినందుకు. జోగ్ వేళ్ళు నరికారు, కొరికారు. డచ్చివాళ్ళ సాయంతో తప్పించుకుని ఫ్రాన్సు చేరాడు. తెగిన వేళ్ళతో పూజ చేయడానికి పోపుగారి అనుమతి కావాలి, అది వచ్చింది. మళ్ళీ తిరిగి మోహాక్‌ల దగ్గరికే వెళ్ళాడు, ఈసారి శాంతి రాయబారిగా. తిరిగి వస్తూ ఒక పెట్టె అక్కడ వదిలి వచ్చాడు. తర్వాత అక్కడ రోగం వచ్చింది, చేలకు పురుగు పట్టింది, ఆ పెట్టెలో ఏదో ఉందన్నారు. మళ్ళీ అక్కడికి వెళ్ళినప్పుడు, 1646 అక్టోబర్ 18న, ఆయన్ని గొడ్డలితో చంపారు. మర్నాడు తోడు వెళ్ళిన జాన్ ద లలాండ్‌ని చంపారు. అప్పుడు కూడా మోహాక్‌లలో తోడేలు వంశంవాళ్ళు, తాబేలు వంశంవాళ్ళు చంపొద్దన్నారు, ఎలుగుబంటి వంశంవాళ్ళే చంపారు. "మోహాక్‌లు చంపారు" అని ఒక్క మాటలో చెప్పేస్తే ఇది పోతుంది.

1648, 49 సంవత్సరాలు మరీ ఘోరం. ఇరొక్వాయ్‌లకు డచ్చివాళ్ళ దగ్గర తుపాకులు దొరికేవి. ఫ్రెంచివాళ్ళు మాత్రం క్రైస్తవులైన వెండాట్‌లకే తుపాకులు అమ్మేవారు. దీని ఫలితం ఆలోచించండి. ఒక పక్క జనంలో ఎక్కువమంది చేతిలో ఆయుధం లేదు. ఇంకో పక్క జ్ఞానస్నానం తీసుకున్నవాడిని చూసి "తుపాకీ కోసమే కలిశాడు" అనడానికి వీలైంది. అన్నదమ్ముల మధ్య చీలిక వచ్చింది. విశ్వాసాన్ని సరుకుతో ముడిపెట్టడం చాలా పెద్ద తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది వెండాట్‌లు.

1648 జూలై 4న తెయనవొస్తయె అనే ఊరి మీద దాడి జరిగింది. ఆంటొనీ డానియెల్ అప్పుడే పూజ ముగించాడు. జనం జ్ఞానస్నానం కోసం మీదపడుతుంటే, ఒక్కొక్కరికీ పోసే వ్యవధి లేక, రుమాలు నీళ్ళలో ముంచి అందరి మీదా చిలకరించాడు. వాళ్ళను పారిపొమ్మని తను గుడి ముందు నిలబడ్డాడు. బాణాలతో, తుపాకీతో కొట్టి, మండుతున్న గుడిలోకి విసిరేశారు. ఆ రోజు ఆ ఊళ్ళో చంపబడినవాళ్ళు, పట్టుబడినవాళ్ళు కలిపి సుమారు 700 మంది. పునీతుడిగా గుర్తున్నది ఒక్క డానియెల్.

1649 మార్చి 16 తెల్లవారుజామున వెయ్యి మందికి పైగా ఇరొక్వాయ్ యోధులు సెయింట్ ఇగ్నాస్ ఊరిని పట్టుకున్నారు. నాలుగు వందల మంది ఉన్న ఊళ్ళో తప్పించుకున్నది ముగ్గురు. వాళ్ళు పరుగెత్తి పక్కనున్న సెయింట్ లూయీకి కబురు చెప్పారు. అక్కడ బ్రెబెఫ్, ఆయనతో గాబ్రియెల్ లలెమాన్ ఉన్నారు. లలెమాన్ ఆ నేలకు వచ్చి ఆరు నెలలే. ఆడవాళ్ళు, పిల్లలు పారిపోయారు. సుమారు 80 మంది వెండాట్ యోధులు నిలబడ్డారు. ఒకరు ఇక పారిపోదాం అంటే, ఎతియెన్ అన్నవొతహ అనే క్రైస్తవ నాయకుడు ఒప్పుకోలేదు. మన కోసం ప్రాణాలకు తెగించిన ఈ ఇద్దరు గురువుల్ని ఎలా వదిలిపెడతాం అన్నాడు. గురువులు జనం కోసం నిలబడ్డారని ఎప్పుడూ వింటాం. ఆ ఉదయం జనం కూడా గురువుల కోసం నిలబడ్డారు.

ఇద్దరు గురువుల్నీ పట్టుకుని సెయింట్ ఇగ్నాస్‌కు తీసుకెళ్ళారు. బ్రెబెఫ్ ఆ సాయంత్రం, లలెమాన్ మర్నాడు ఉదయం చనిపోయారు. ఏం చేశారో పిల్లలకు అంతా చెప్పనక్కర్లేదు. ఒక్కటి మాత్రం పెద్దవాళ్ళుగా మనం తెలుసుకోవాలి. జ్ఞానస్నానాన్ని వెక్కిరిస్తూ వాళ్ళ మీద మరిగే నీళ్ళు పోసినవాళ్ళలో ఒకప్పటి వెండాట్‌లు ఉన్నారు. పాత యుద్ధాల్లో పట్టుబడి ఇరొక్వాయ్‌లలో కలిసిపోయినవాళ్ళు. మశూచిలో ఇంట్లోవాళ్ళను పోగొట్టుకుని, ఆ నీళ్ళే చంపాయని నమ్మినవాళ్ళు వాళ్ళలో ఉండి ఉంటారని నాకనిపిస్తుంది.

మర్నాడు ఒసోసానె నుంచి మూడు వందల మంది దాకా, ఎక్కువమంది క్రైస్తవులు, ఎదురుదాడికి వచ్చారు. రాత్రి దాకా పోరాడారు, దాదాపు అందరూ పోయారు. ఇరొక్వాయ్‌లు తిరిగి వెళ్ళేటప్పుడు, నడవలేని ముసలివాళ్ళనూ తల్లులనూ పిల్లల్నీ ఇళ్ళల్లోనే కట్టేసి నిప్పు పెట్టారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

జూన్‌లో గురువులే సెయింట్ మారీకి నిప్పు పెట్టుకుని, మిగిలిన జనంతో ఒక దీవికి వెళ్ళారు. ఇప్పుడు దాన్ని క్రిస్టియన్ ఐలాండ్ అంటారు. ఆ చలికాలం కరువు. చెట్ల కాయలు ఏరుకుని తిన్నారు, వందల మంది ఆకలితో చనిపోయారు. అదే డిసెంబర్‌లో, 7న చార్ల్స్ గార్నియె పెటున్ జాతి ఊళ్ళో చనిపోయాడు, 8న షబనెల్‌ని విశ్వాసం వదిలేసిన ఒక వెండాట్ చంపాడు. 1650 వేసవిలో సుమారు 300 మంది క్యూబెక్ చేరారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ క్యూబెక్ నగరం పక్కన వెండాకెలో ఉన్నారు. అన్నవొతహ 1660లో లాంగ్ సో దగ్గర ఫ్రెంచివాళ్ళ పక్కన పోరాడుతూ చనిపోయాడు.

ఇప్పుడు ఎనిమిది మందే ఎందుకు అన్న సంగతి. వేదసాక్షిగా ప్రకటించాలంటే, ఆ మనిషిని విశ్వాసం మీది ద్వేషంతోనే చంపారని, అతను దాన్ని అంగీకరించి చనిపోయాడని రుజువు కావాలి. గురువు ఒంటరిగా, ఆయుధం లేకుండా, నల్ల అంగీతో ఉంటాడు. చూసినవాళ్ళు ఆయన సభవాళ్ళకు రాస్తారు. బ్రెబెఫ్ శవాన్ని చూసి, గాయాల్ని తాకి చూసి రాసిన ఫ్రెంచి సహాయకుడి మాట ఇప్పటికీ ఉంది. వెండాట్ క్రైస్తవుడు యుద్ధంలో చనిపోతే, శత్రువుగా చంపారా, క్రైస్తవుడిగా చంపారా అన్న ప్రశ్న తేలదు. అతని తరఫున రాసేవాడు లేడు, అడిగేవాడు లేడు, ఊరే లేదు. 1925లో ధన్యులుగా (పునీత పదవికి ముందు మెట్టు), 1930 జూన్ 29న పునీతులుగా ఆ ఎనిమిది మందిని ప్రకటించినప్పుడు చేతిలో ఉన్న కాగితాలన్నీ ఫ్రెంచివాళ్ళవే. ఇందులో ఎవరో కావాలని చేసిన మోసం నాకు కనపడలేదు. కానీ లోటు లోటే.

ఇది ఒక్క కెనడాలోనే జరగలేదు. మన గోవాలో 1583 జూలైలో కుంకొలింలో ఐదుగురు యేసు సభవాళ్ళను చంపారు. వాళ్ళతో పాటు స్థానిక క్రైస్తవులు కూడా చనిపోయారు. పూజలో సాయం చేసే అల్ఫోన్సు, ఆ ఊరివాడే అయిన దొమినిక్ అనే పిల్లలు వాళ్ళలో ఉన్నారు. 1893లో ధన్యులైంది ఐదుగురే. ఆ కథకు రెండో సగం కూడా చెప్పాలి. అంతకుముందు పోర్చుగీసువాళ్ళు అక్కడి గుళ్ళను కూల్చారు. ఆ తర్వాత మాట్లాడుకుందాం రమ్మని ఊరి పెద్దల్ని అసోల్నా కోటకు పిలిచి చంపేశారు. కుంకొలింలో ఇప్పుడు ఆ పెద్దలకూ స్మారకం ఉంది. ఉండాలి కూడా.

పరిస్థితి మారుతోంది. మెక్సికోలోని త్లస్కలాలో 1527, 1529లలో చనిపోయిన ముగ్గురు స్థానిక పిల్లలు క్రిస్తోబల్, అంతోనియో, హువాన్‌లను 2017లో పునీతులుగా ప్రకటించారు. మన దేవసహాయంగారిని 2022 మే 15న ప్రకటించారు. 1745లో జ్ఞానస్నానం తీసుకుని, 1752లో కాట్టాడిమలై మీద కాల్చి చంపబడిన గృహస్థుడు. జోగ్‌ని చంపిన ఊరి ప్రాంతంలోనే పదేళ్ళకు, 1656లో, ఒక మోహాక్ తండ్రికీ క్రైస్తవురాలైన అల్గోంక్విన్ తల్లికీ పుట్టిన కాతెరి తెకాక్వితా 2012లో పునీతురాలైంది. ఆ తల్లి కూడా యుద్ధంలో పట్టుబడి వచ్చిన మనిషే.

ఇక రెండో ప్రశ్న అడిగిన అమ్మాయికి ఏం చెప్పాలి? ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న, గద్దించి కూర్చోబెట్టకండి. రాజ్యం, వ్యాపారం, రోగం, గురువు ఒకే పడవలో వచ్చాయి. మీరుండే దేశంలో తర్వాత రెసిడెన్షియల్ స్కూళ్ళు నడిచాయి, స్థానిక జాతుల పిల్లల్ని తల్లుల నుంచి లాక్కెళ్ళి సొంత భాష మాట్లాడితే కొట్టారు. శ్రీసభ సంస్థలు కూడా ఆ బళ్ళను నడిపాయి. 2022 జూలైలో పోపు ఫ్రాన్సిస్‌గారు స్వయంగా వెళ్ళి క్షమాపణ అడిగారు. ఇదంతా ఒప్పుకున్నాకే బ్రెబెఫ్ గురించి మాట్లాడటానికి మనకు నోరు వస్తుంది. ఒప్పుకున్నాక నేను చెప్పేది ఇది. ఆ ఎనిమిది మంది భూమి తీసుకోలేదు, తోళ్ళు అమ్ముకోలేదు, జనం పారిపొమ్మన్నా పారిపోలేదు. వాళ్ళ పవిత్రత నిజం. అది ఫ్రెంచి రాజ్యానికి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. చివాతెన్వా కూడా ఎవరికీ అమ్ముడుపోయిన మనిషి కాదు, ఆలోచించి, నష్టపోతూ, తన నేల మీదే ఉండి నమ్మినవాడు. "మతం మారినవాళ్ళు మోసపోయినవాళ్ళు" అని ఎవరైనా అంటే అది ఆయన్ని చిన్నచేయడమే. మన తాతలు కూడా కతోలికులైనప్పుడు ఆ మాట పడ్డారు కాబట్టి ఇది నాకు గట్టిగా తగులుతుంది.

మీరు మిడ్‌లాండ్‌కు దగ్గరే, టొరంటో నుంచి రెండు గంటల దారి. మంచు కాలం రాకముందే పిల్లల్ని తీసుకెళ్ళండి. పుణ్యక్షేత్రం కొండ మీద ఉంటుంది. రోడ్డుకు అవతల సెయింట్ మారీని పాత పునాదుల మీద మళ్ళీ కట్టారు. అక్కడి గుడిలో నేల మట్టిదే. బ్రెబెఫ్‌ను, లలెమాన్‌ను పాతిపెట్టిన చోటు ఆ గుడిలోనే చూపిస్తారు. అదే ఆవరణలో వెండాట్ క్రైస్తవుల సమాధులు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. రెండు చోట్లా ఆగి జపం చెప్పించండి. మా అమ్మాయి పిల్లలతో నేను అలాగే చేశాను. ఎనిమిది పేర్లు చదివాక, చివాతెన్వా, మరియ అవొనెత్తా, అహత్సిస్తరి, తెరేసా అని ఇంకో నాలుగు పేర్లు చదివించాను. చిన్నవాడికి మొదటి పేరు నోరు తిరగలేదు. చి, వా, తెన్, వా అని విడదీసి చెప్తే, తిరిగి వచ్చే దారంతా కారులో అదే పలుకుతూ కూర్చున్నాడు.